ఎవరిని జూచి నవ్వితిమి?

నవ్వు రెండు విధములు. పొరుగువాని కాలు జారినప్పుడు వచ్చు నవ్వొకటి. తన కాలే జారినదని తెలిసినప్పుడు వచ్చు నవ్వొకటి. మొదటిది సులభము, ఖర్చులేనిది, పదిమందిలో నున్నప్పుడు మఱింత బిగ్గరగా వచ్చునది. రెండవది కష్టము; సగము గొంతులోనే యాగిపోవును. సంఘములోని దురాచారములను పరిహాసముచేత మాన్పవచ్చునని నమ్మువారు నవ్వు పుట్టినచో పని సగము జరిగినదని సంతోషింతురు. ఆ పుట్టిన నవ్వు ఈ రెండింటిలో నేదియో విచారించువారు తక్కువ. కవి యెట్లు కొట్టెనని విమర్శకులు పుటలకొలది వ్రాయుదురు. దెబ్బ యెవనికి దగిలెనని యడుగువా రరుదు.

ఈ విషయమును గూర్చి యాలోచించుటకు మాకొక యవకాశము దొరకినది. అమెరికా గాయకుడు ర్యాండీ న్యూమన్ 1974వ సంవత్సరము సెప్టెంబరులో వెలువరించిన ‘గుడ్ ఓల్డ్ బాయ్స్’ అను ఆల్బమును మేము కొన్ని నెలలుగా మరల మరల వినుచున్నాము. అందు పండ్రెండు పాటలు గలవు. ఒక్కటి తక్క తక్కినవన్నియు నతడు కట్టినవే. చాలవఱకు నవి అమెరికా దక్షిణ రాష్ట్రముల తెల్లవారిని గూర్చినవి. ఆ పాటలు మాకు నేర్పినది కొంత. ఆ పాటలను జనులు విన్న విధములు నేర్పినది అంతకంటె నెక్కువ.

గాయకుని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. న్యూమన్ 1943లో లాస్ ఏంజెలీసు నగరమున నొక యూదుల కుటుంబమున జన్మించెను. అతని తండ్రి సోదరులు మువ్వురు హాలీవుడ్ చలనచిత్రములకు సంగీతము కూర్చిన ప్రసిద్ధులు. తల్లి పుట్టినిల్లు లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్సు. బాల్యమున వేసవికాలములు అతడచ్చట గడపెను. కంఠము మధురమైనది కాదు, బొంగురు. పియానో ముందు గూర్చుండి, పక్కింటి యరుగుమీద మాటలాడువానివలె పాడును. అతని పాటలోని ‘నేను’ చాలవఱకు అతడు కాడు. ఇదియే యతని మార్గము.

మన పల్లెలలో పగటివేషగాడు సోమయాజులు వేషము కట్టి వచ్చినప్పుడు, సోమయాజులు మాటలనే సోమయాజులు గొంతుతో పలుకునే కాని, ‘అయ్యలారా, ఇది వేషము, నేను ఎగతాళి చేయుచున్నాను’ అని నడుమ చెప్పడు. చెప్పినచో వేషము చెడును. న్యూమన్ విద్యయు నట్టిదే. 1972లో నతడు పాడిన ‘సెయిల్ అవే’ అను పాటలో బానిసల వర్తకు డొకడు ఆఫ్రికా తీరమున నిలిచి, అమెరికా యెంతటి సుఖభూమియో వర్ణించుచు, ఓడ యెక్కుడని అచ్చటివారిని తీయగా పిలుచును. రాగము జోలపాటవలె మృదువుగా నుండును. ఇది దుర్మార్గమని పాటలో నెచ్చటను లేదు. ఆ యోడ యేమి యోడయో, అందెక్కినవారు ఎచ్చట దిగిరో, ఎట్లు బ్రతికిరో వినువాడు తనకు తానే జ్ఞాపకము తెచ్చుకొనవలెను. తెచ్చుకొన్నవానికి ఆ మృదుత్వమే భయంకరము. తెచ్చుకొననివానికి అది చక్కని సముద్రపు పాట.

ఇక మేము చెప్పదలచిన యాల్బము. ‘గుడ్ ఓల్డ్ బాయ్స్’ అనునది దక్షిణాదివారి పలుకుబడి. ‘మావాడే, మంచివాడే’ అని తమవారి తప్పులను వెనుక వేసికొనుచు ప్రేమతో చెప్పుకొను మాట. మొదటి పాట పేరు ‘రెడ్‌నెక్స్’. ఎండలో పాటుపడి మెడలు కందిన పేద తెల్లవారిని నాగరికులు హేళనగా పిలుచు పేరది. పాటకు మూలమైన సంగతి వాస్తవము. లెస్టర్ మాడక్స్ అనువాడు జార్జియా రాష్ట్రమునకు 1967 మొదలు 1971 వఱకు గవర్నరుగా నుండెను. అంతకుముందు అట్లాంటాలో నతనికొక భోజనశాల యుండెడిది. 1964 జూలైలో పౌరహక్కుల చట్టము అమలులోనికి వచ్చిన మఱునాడే, భోజనమునకై వచ్చిన నల్లవారిని అతడు పిస్తోలు చూపి తఱిమెను. తుదకు భోజనశాలనైనను మూసివేసెను గాని వారికి వడ్డింపలేదు. ఇట్టివాడు 1970 డిసెంబరులో న్యూయార్కులో డిక్ కావెట్ నడుపు టెలివిజను సంభాషణకు వెళ్లి, మాటమీద మాట పెరిగి, నడుమనే లేచిపోయెను.

దక్షిణాదివాడొకడు తన యింట గూర్చుండి యది చూచి రోషపడుటయే పాట. గవర్నరు తెలివిమాలినవాడే కావచ్చునని యొప్పుకొనుచునే, అతడు తమవాడు గనుక అతని యవమానము తమయవమానమని వాని బాధ. ఆ కోపములో వాడు కావెట్‌ను యూదుడని నిందించును. కావెట్ యూదుడు కాడు, పాడువాడు యూదుడు. తిట్టువాని నోట కవి తన్ను దానే తిట్టించుకొనుచున్నాడని తెలిసినవారు గ్రహింతురు. పిమ్మట వాడు నాగరికులు తమపై వేయు నిందలన్నిటిని తానే వరుసగా జెప్పి, ఔను, మేమట్టివారమే యని పల్లవి యెత్తుకొనును: చదువు లేదు, మంచిచెడ్డలు తెలియవు, నల్లవారిని త్రొక్కి యుంచుచున్నాము. ఈ తుదిమాటలో నల్లవారిని హీనపరచు ఆ దేశపు ఘోరమైన తిట్టుమాట యున్నది. పల్లవితోపాటు మరల మరల వచ్చును. ఇంతవఱకు విన్న ఉత్తరాది శ్రోత కడుపుబ్బ నవ్వును. ఏల నవ్వడు? పాట తన పక్షమున నున్నది. మూర్ఖుడు తన మూర్ఖత్వమును దానే యొప్పుకొనుచున్నాడు.

అప్పుడు పాట తిరుగును. ఉత్తరాదివారు నల్లవారికి స్వేచ్ఛ యిచ్చినారని వాడు వేళాకోళముగా మెచ్చుకొని, ఆ స్వేచ్ఛ యేయే పేటలలో బంధింపబడి యున్నదో పేర్లు చదువ మొదలుపెట్టును. న్యూయార్కులో హార్లెము, చికాగోలో దక్షిణపు పేట, క్లీవ్‌లాండులో హఫ్, శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్, బోస్టనులో రాక్స్‌బరీ. ఒక్కొక్క పేరునకు ఆయా నగరపు శ్రోత నవ్వు ఒక్కొక్కటిగా నిలిచిపోవలెనని కవి యుద్దేశము. పాట చెప్పువాడు నీతిమంతుడు కాడు, అయినను చెప్పినది నిజము. తన దోషమును కప్పిపుచ్చుకొనుటకు ఎదుటివాని దోషము చూపువాని వాదము కుత్సితమైనదే. కాని కుత్సితుడు చెప్పినంతమాత్రమున రాక్స్‌బరీ లేకపోదు.

కాలమే యీ పాటకు వ్యాఖ్యానము వ్రాసినది. 1974 జూన్ 21న గారిటీ యను న్యాయాధిపతి, బోస్టను పాఠశాలల పాలకవర్గము నల్ల పిల్లలను తెల్ల పిల్లలను బుద్ధిపూర్వకముగా వేఱుచేసి యుంచినదని తీర్పు చెప్పెను. సెప్టెంబరు 12న, ఈ పాట అంగళ్లకు వచ్చిన నెలలోనే, రాక్స్‌బరీ పిల్లలను బస్సులలో దక్షిణ బోస్టను ఉన్నత పాఠశాలకు పంపిరి. ఆ బస్సులపై రాళ్లు పడినవి. రాళ్లు రువ్వినవారు అలబామావారు కారు, జార్జియావారు కారు. బానిసత్వమును నిర్మూలింపవలెనని పందొమ్మిదవ శతాబ్దమున పత్రికలు నడిపిన నగరము అది. మాడక్స్‌ను జూచి నవ్విన నగరములలో నదియు నొకటి.

ఈ యొక్క పాటయే యుండినచో దీనిని చతురమైన యెత్తుపొడుపుగా నెంచి యూరకుందుము. తరువాతి పాటలలో న్యూమన్ ఆ మూర్ఖుని యింటిలోనికి మనలను దీసికొని పోవును. మొదట నతడీ యాల్బమును అలబామాలోని బర్మింగుహాము కార్మికుడొకని కథగా నెన్నుకొనెను. ఆ కథకట్టు పోయినను, ‘బర్మింగుహాము’ అను పాట మిగిలినది. అందులో వాడు తన యూరిని, తన చిన్న యింటిని, తన పనిని సంతోషముతో పొగడుకొనును. పెరటిలోని క్రూరమైన కుక్కను ముద్దుగా నుసిగొల్పును. 1963 మేలో ఆ యూరి పోలీసులు నల్ల పిల్లలపైకి కుక్కలను వదలిరనియు, సెప్టెంబరులో అచ్చటి చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరనియు ఎఱిగినవానికి ఆ ముద్దుమాట వినగానే ఒడలు జలదరించును. వెనువెంటనే ‘మేరీ’ యను పాట. తప్పత్రాగిన భర్త భార్యతో తన ప్రేమను, తన చేతగానితనమును చెప్పుకొను పాట యది. ఇంతటి మెత్తని పాట మేము తక్కువగా వింటిమి. ఆ నోటనే ఆ తిట్టు, ఆ నోటనే యీ ప్రేమ. దురాచారము రాక్షసులు చేయునది కాదు, భార్యను ప్రేమించువారు, ఊరిని ప్రేమించువారు చేయునది యని దీనికంటె బాగుగా జెప్పుట కష్టము. రాక్షసుని ద్వేషించుట సులభము. ఇట్టివానిని మార్చుట గదా సంస్కర్త పని.

ఇక శ్రోతల మాట. మేము చదివినంతలో, చూచినంతలో, వీరు నాలుగు తెగలు.

మొదటి తెగ, చరణము వినకయే పల్లవికి నవ్వి యానందించిన నాగరికులు. వీరిని గూర్చి చెప్పితిమి. రెండవ తెగ, పాటలో నెగతాళి చేయబడినవారే దానిని తమ గర్వగీతముగా జేసికొని గొంతు గలిపి పాడినవారు. వేషగాడు కట్టిన వేషము సరిగా నమరినచో వచ్చు నపాయమిది. అద్దములో తన్ను జూచుకొని మురియువాడు అద్దమును నిందింపడు. 1983లో న్యూమన్ పాడిన ‘ఐ లవ్ ఎల్.ఏ.’ గతియు నిట్లే యైనది. ఆ పాటలో మోకాళ్లపై బడియున్న దిక్కుమాలిన మనుష్యు డొకడున్నాడు. పాడువాడు వానిని చూచి చూడనట్లు కారు పోనిచ్చును. లాస్ ఏంజెలీసు జట్లు గెలిచినప్పుడెల్ల క్రీడాస్థలములలో ఆ పాట మ్రోగును. వేలమంది కేకలు వేయుదురు. ఆ మనుష్యుడు మాత్రము ఎవరి కంటను పడడు.

మూడవ తెగ, మాటను మాటగానే తీసికొని నిషేధింపుడని పట్టుబట్టువారు. 1977లో వచ్చిన ‘షార్ట్ పీపుల్’ అను పాట వీరికి దొరకినది. పొట్టివారన్న గిట్టని వెఱ్ఱివాని వేషమది. ఒడలి రంగును బట్టి, మతమును బట్టి ద్వేషించుట యెంత యర్థరహితమో చూపుటకు కవి ఎత్తును దీసికొనెను. మనుష్యులందఱు సమానులేయని పాట నడుమ వేఱు గొంతులు పాడును గూడ. 1978 తొలినెలలలో నది అమెరికా పాటల పట్టికలో రెండవ స్థానము వఱకు ప్రాకెను. కొన్ని రేడియో కేంద్రములు దానిని మానివేసినవి. మేరీలాండు శాసనసభలో నొక సభ్యుడు దానిని రేడియోలో వినిపింపరాదని బిల్లు తెచ్చెను. అది చట్టము కాలేదు, కాకపోవుటయే మేలు. కాని యీ తెగవారిని మూర్ఖులని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. బడిలో తోటిపిల్లలు ఆ పాటతోనే యొక పొట్టి పిల్లవానిని వెంటాడినచో, వానిని గూర్చుండబెట్టి వ్యంగ్యార్థము బోధించి యోదార్చగలమా?

నాలుగవ తెగ, దెబ్బలు తిన్నవారు. వీరిని గూర్చి విమర్శకులు చాల తక్కువగా వ్రాసిరి. తెల్లవాడు తెల్లవాని వేషము కట్టి, తెల్లవారి దోషమును తెల్లవారికి చూపుట మంచిదే. ఆ చూపుటకు నల్లవారిపై విసరు రాయినే మరల విసరవలసి వచ్చినది. సభలో నవ్వుచున్న వేయిమంది నడుమ గూర్చున్న నల్లవాడు, ఆ నవ్వు దేనికో యెట్లు తెలిసికొనును? పరిహాసకవి తన శ్రోతలను ఏరుకొనలేడు. ఈ చిక్కునకు మాకు సమాధానము లేదు; దీనిని దాచుట మాత్రము న్యాయము కాదు.

ఈ చిక్కు మా యింటనే యొక సాయంకాలము ఎదురైనది. నలుగురము కూడి యా మొదటి పాట వింటిమి. మేము తెలుగున నర్థము చెప్పుచుంటిమి. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయు డొకరు, ‘ఎంతటి మొద్దు లండీ!’ అని పకపక నవ్విరి. అమెరికాలో నుద్యోగము చేయుచు సెలవులకు వచ్చిన యువకుడు తానున్న నగరమున నట్టివారు లేరని చెప్పెను. పేటల పేర్లు రాగానే మాత్ర మూరకుండెను. కొంతసేపటికి, తానక్కడ దిగిన తొలివారమున, ఫలానా పేటలో ఇల్లు తీసికొనవలదని మనవారే తనకు మొదట చెప్పిన బుద్ధి యనియు, ఆ పేట పేరు పాటలో నున్నదనియు చెప్పెను. మూడవ మిత్రుడు పల్నాటి పల్లెలోని దళితవాడలో బుట్టి, చదువుకొని, బ్యాంకులో నధికారియైనవాడు. ఆయన మొదటినుండియు నవ్వలేదు. ‘అన్నా, ఆ తిట్టు వచ్చినప్పుడెల్ల నాకు దాని చోట మా కులము పేరు వినబడినది. పాడువాడు మంచివాడే కావచ్చును. తిట్టు తిట్టే’ అనెను. పాట బాగులేదా యని మేమడుగగా, ‘బాగున్నది. తుదిచరణము మఱీ బాగున్నది. మా యూరి టీకొట్టులో మాకు వేఱు గ్లాసు పెట్టినవాడు నన్ను మోసగింపలేదు; వాని మనసేమో గ్లాసే చెప్పెడిది. పట్టణములో ఇల్లు అద్దె కడుగబోయినచోట కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “మీరేమిట్లు?” అని మెల్లగా నడిగి, ఇల్లు నిన్ననే వేఱొకరికి మాట యిచ్చితిమని చెప్పినవాడు మోసగించినాడు. ఈ పాట వాడు వినవలెను’ అనెను.

ఉపాధ్యాయుడు గారు నవ్వు మాని కిటికీ వైపు చూచుచుండిరి. మా వీధిలో ‘శాకాహారులకు మాత్రమే’ యని బల్ల గట్టిన గుమ్మములు మూడున్నవి. ఆ బల్ల ఆహారమును గూర్చి వ్రాసినదే యైనచో చింత లేదు.

మన సాహిత్యమున నీ యనుభవము క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో రూపము మాఱి మరల వెలువడెను. పసిబాలికలను ముసలివారికి అమ్ముటను ఖండించుటకు బుట్టిన యా నాటకములో, సంస్కరణమను మాటను బ్రతుకుతెరువుగా జేసికొన్న మోసగాడు గిరీశము. జనులు గిరీశమును ద్వేషించిరా? నూఱేండ్లకు పైగా ముద్దు చేయుచున్నారు. వాని మాటలు విందులలో సామెతలైనవి. నవ్వించినవానిని క్షమించుట మనుష్యస్వభావము. బుచ్చమ్మ గతి యేమగునో అను భయము ఆ నవ్వులో మరుగుపడును. నాటకము గొప్పదగుటకును, ప్రేక్షకుడు తప్పించుకొనుటకును కారణము ఒక్కటియే.

అట్లైన పరిహాసము వలన ప్రయోజన మేమని యడుగవచ్చును. ఉన్నది, కాని పరిమితమైనది. బోస్టనులో బస్సులను నడిపినది పాట కాదు. 1972లో న్యాయస్థానమునకు వెళ్లిన నల్ల తలిదండ్రులు నడిపిరి. తీర్పు చెప్పిన న్యాయాధిపతి నడిపెను. రాళ్ల నడుమ బడికి వెళ్లిన పిల్లలు నడిపిరి. పాట చేయగల దొక్కటే: తాను దోషి కాననుకొని నిశ్చింతగా గూర్చున్నవాని కుర్చీ క్రింద చిన్న రాయి పెట్టుట. అది గ్రుచ్చుకొన్నదో లేదో వానికే తెలియును. గ్రుచ్చుకొన్నను లేవకుండుట వాని చేతిలోనిదే.

ఇదే యాల్బములోని మఱియొక పాట చరిత్ర మాకు కొంత ధైర్యము నిచ్చుచున్నది. ‘లూసియానా 1927’ అనునది మిసిసిపీ నది వరదను గూర్చిన శోకగీతము. ఆ యేడు ఏప్రిల్ 29న, న్యూ ఆర్లియన్సు నగరమును కాపాడుటకై, దిగువనున్న గట్టును మందుగుండుతో పేల్చి, పేదల పల్లెలను నీట ముంచిరి. దేశాధ్యక్షుడు కూలిడ్జ్ ఆ వైపునకే పోలేదు. పాటలో మాత్రము న్యూమన్ అతనిని రైలులో రప్పించి, పరామర్శ పేరిట నొక యెత్తుపొడుపు మాట పలికించును. 2005లో కట్రీనా తుపాను న్యూ ఆర్లియన్సును ముంచినప్పుడు జనులా పాటను తమ దుఃఖముగా జేసికొనిరి. బాధితులకై జరిగిన టెలివిజను సభలో ఆ నగరపు నల్ల గాయకుడు ఆరన్ నెవిల్ దానిని పాడెను. తెల్ల రైతు నోట బెట్టిన పాట నల్లవారి కన్నీటికి సరిపోయినది. మొదటి పాటలో విడిపోయిన శ్రోతలు ఈ పాటలో గలిసిరి. ఒకే కవి, ఒకే సంపుటి.

కావున పరిహాసగీతమును వినువారికి మా మనవి యిది. పాటను తుదిచరణము వఱకు వినుడు. సగములో లేచి చప్పట్లు కొట్టకుడు, సగములో లేచి నిషేధింపుమనకుడు. పక్కన నవ్వనివాడు గూర్చున్నచో, వానికి హాస్యము తెలియదని తలంపక, ఏల నవ్వలేదని యడుగుడు; అతడు చెప్పినది విన్నచో పాట పూర్తిగా విన్నట్లు. కవి చదివిన పేటల పట్టిక అతని దేశపుది. మన పట్టిక మనము వ్రాసికొనవలెను. అందు మొదట వ్రాయవలసినది పొరుగూరి పేరు కాదు, మన వీధి పేరు.